పాత బుల్లెట్‌కి ఓపెన్ బెల్ట్ ప్రైమరీ: పెట్టినోళ్ళు ఎవరైనా ఉన్నారా?

కుడిగేరు94 (శ్రీకాకుళం)
1994 స్టాండర్డ్ 350, కుడివైపు గేరు. బాబర్ (అదనపు సామానంతా పీకేసిన బండి) చేస్తున్నాను. వెనక మడ్‌గార్డు కోసేశా, సింగిల్ సీటు వేశా. మిగిలింది ఎడమపక్క చెయిన్‌కేసు, అంటే ఇంజిను నుంచి క్లచ్‌కి వెళ్ళే ప్రైమరీ చెయిన్ నూనెలో తిరిగే పెట్టె. దాని మూత మధ్యన ఒకే ఒక్క నట్టుతో నిలబడుతుంది, ఎన్ని రబ్బర్లు మార్చినా బండి ఆపిన చోటల్లా నూనె చుక్క. గచ్చు పాడవుతోందని మా అమ్మ రోజూ బండి కింద గోనె పరుస్తోంది. ఆ చెయిన్ బదులు మూత లేని పళ్ళ బెల్ట్, అదే ఓపెన్ బెల్ట్ వేసేస్తే అసలు నూనే ఉండదు కదా! వాడినవాళ్ళు మంచీ చెడ్డా చెప్పండి. లుక్కు సంగతి నాకు తెలుసు, అది అడగట్లేదు.

కోటజంక్షన్ (విజయనగరం)
దుబాయ్‌లో ఆరేళ్ళు హార్లీల షెడ్డులో చేశాను తమ్ముడూ. బెల్ట్ మంచిదే. తేలిక, చెయిన్‌లా సాగదు, నూనె మార్చే పని లేదు. 1980లో హార్లీ వాళ్ళే స్టర్జిస్ మోడల్‌కి ప్రైమరీ, వెనక చక్రం రెండూ బెల్ట్‌తోనే ఇచ్చారు. కాకపోతే అది మూత లోపల.

అసలు తంటా బిగువుతో. బెల్ట్ లోపలి తాళ్ళు సాగవు, కానీ ఇంజిను వేడెక్కి అల్యూమినియం సాగుతుంది. మీటరుకి ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు. రెండు పుల్లీల మధ్య 30 సెంటీమీటర్లు, వేడి 80 డిగ్రీలు పెరిగిందనుకో, అర మిల్లీమీటరు పైనే. చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా పెడితే వేడెక్కాక వీణ తీగే. అప్పుడు తెగేది బెల్ట్ కాదు, ముందు క్రాంకు బేరింగు పోతుంది, లేకపోతే గేర్‌బాక్స్ మెయిన్‌షాఫ్ట్ బేరింగు. పాత షవల్‌హెడ్ ఇంజిను హార్లీల్లో గేర్‌బాక్స్ ముందుకీ వెనక్కీ జరిపి సర్దుకునేవాళ్ళం. నీ బుల్లెట్‌లో గేర్‌బాక్స్ ఇంజిను వెనక్కే బోల్టు చేసి ఉంటుంది. జరపడానికి చోటు లేదు. పుల్లీ సైజు, బెల్ట్ పొడవు అచ్చంగా కుదరాలి, అంతే.

కుడిగేరు94
అన్నా, క్లచ్ సంగతి?

కోటజంక్షన్
ఇప్పుడు నీ ప్లేట్లు నూనెలో తిరుగుతున్నాయి. బెల్ట్ వేస్తే పొడిగా తిరగాలి, అందుకు తగ్గ ప్లేట్లు కావాలి. క్లచ్ మధ్య బేరింగుకి కూడా ఇన్నాళ్ళూ ఆ నూనే దిక్కు. పొడి క్లచ్ గలగలమంటుంది, ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద నడిపితే వేడెక్కి పట్టేస్తుంది. ఇంకోటి: క్రాంకు సీలు కొంచెం కారినా ఇప్పుడు ఆ నూనె కేసులోనే కలిసిపోతుంది, నీకు తెలీదు. కేసు తీసేశాక అది నేరుగా బెల్ట్ మీద, ప్లేట్ల మీద పడుతుంది. క్లచ్ జారుతుంది. కారడం తప్పించుకుందామనుకుంటే కారుడే కొంప ముంచుతుందన్నమాట. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా ఆ కేసులోనే ఉంది, మరిచిపోకు.

వంశధార_గట్టు
నానూ పెట్టినాను, ఎనిమిది నెల్లు నడిపినాను. కళింగపట్నం బీచికి ఎల్లొచ్చిన రోజే ఇసక పుల్లీ పళ్ళల్లో కూకుండిపోనాది, కరకరా ఒకటే సౌండు. ఓపాలి కంకర రోడ్డు మీద సిన్న రాయి బెల్ట్‌కీ పుల్లీకీ మజ్జిన పడిపోనాది. బెల్ట్ రెండు పళ్ళు ఊడిపోనాయి. తోసుకుంటూ ఆమదాలవలస దాకా! వానకి మాత్రం ఏటీ అవలేదు, అది ఒట్టి భయమే. ఇప్పుడు మల్లీ చెయినే.

బొబ్బిలి_బండోడు
అందరూ ఇంజినీరింగే మాట్లాడతన్నారు. చెయిన్‌కేసు ఏ పక్కన? ఎడమ. మన ఆడాళ్ళు బండి మీద కాళ్ళు ఏ పక్కకి వేసి కూకుంటారు? ఎడమ. చీర కొంగు, చున్నీ ఎటు ఎగురుద్ది? వెనక చక్రానికే చీర గార్డు ఉండాలని రూలు పెట్టిన దేశం మనది. ఇక్కడ అరచేతి వెడల్పు బెల్ట్ వాళ్ళ పాదాల ముందే నోరు తెరుచుకుని తిరుగుతుంటే ఎలా బాబూ? లుంగీ కట్టి నడిపేవాళ్ళకీ ఇదే మాట. బూటు లేసు కూడా లోపలికి దోపుకోవాల.

కుడిగేరు94
నాది సింగిల్ సీటండీ.

బొబ్బిలి_బండోడు
పెళ్ళి కాలేదన్నమాట.

గరివిడి_వెల్డింగ్
పూర్తిగా ఓపెన్ ఎందుకు? పుల్లీల ముందు 3 మిల్లీ అల్యూమినియం రేకు కోసి గార్డు పెట్టండి, గాలి ఆడేలా చిల్లులు కొట్టండి. అందం ఏం తగ్గదు. ఆర్.సి. కాగితం గురించి కూడా ఆలోచించండి. కంపెనీ ఇచ్చిన తీరు నుంచి బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, మడ్‌గార్డు కోసేసినప్పుడే మీరు సగం దూరం వెళ్ళిపోయారు.

కోటజంక్షన్
బెల్ట్ కొనే ముందు ఆ మూత తీసి అద్దం ముక్క మీద బోర్లించి చూడు. మధ్య నట్టుని బలమంతా పెట్టి బిగిస్తే మూత వంగిపోతుంది. అప్పుడు వంద రబ్బర్లు మార్చినా అంతే.

కుడిగేరు94 (పన్నెండు రోజుల తర్వాత)
చూశానన్నా. ఒక మూల పోస్టుకార్డు దూరేంత ఎత్తు. అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రెండు సాయంత్రాలు రాశాను, కొత్త రబ్బరు వేశాను, నట్టు మెత్తగా బిగించాను. పదిరోజులుగా చుక్క లేదు. అమ్మ మాత్రం గోనె తియ్యనంటోంది. బెల్ట్ ఆశ పోలేదనుకోండి. గరివిడి అన్నా, ఆ గార్డు రేకు ఫొటో ఉంటే పెట్టండి.