కుస్కో దగ్గర అందవాయ్లీయాస్ చర్చి: చూసొచ్చినవాళ్ళు చెప్పండి

కొండదారి:
అమ్మానాన్నలతో పెరూ వెళ్తున్నాం. కుస్కోలో ఉన్నప్పుడు ఒక పూట ఈ చర్చికి పెట్టుకోవాలనుంది. లోపలి బొమ్మల వల్ల దీన్ని "అమెరికాల సిస్టీన్ చాపెల్" (వాటికన్‌లో మైకెలాంజెలో బొమ్మలున్న ప్రార్థనామందిరం) అంటున్నారు కదా! నాన్నగారికి ఎత్తు ఎక్కితే ఆయాసం. ఇబ్బందవుతుందా? టూర్ తీసుకోవాలా?

సంచారి:
టూర్ అక్కర్లేదండి. కుస్కోలో ఉర్కోస్ వెళ్ళే బస్సెక్కి దారిలో దిగిపోవడమే. సుమారు 40 కిలోమీటర్లు, గంట పడుతుంది. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంటే ఈ ఊరు దాదాపు 3,100. అంటే కిందికే దిగుతారు. విమానం దిగిన రోజే మాత్రం పెట్టుకోకండి, నాన్నగారి సంగతి ముందే డాక్టరుకి చెప్పండి. బొలెటో తురిస్తికో (కుస్కో చుట్టుపక్కల చాలా చోట్లకి కలిపి ఇచ్చే టికెట్టు) కొన్నా ఇక్కడ వేరే టికెట్టు తీసుకోవాలి. లోపల ఫోటోలు తియ్యనివ్వరు.

గోడబొమ్మ:
ఫోటోలు వద్దనడమే మేలు, కళ్ళు పనిచేస్తాయి. బయట మట్టి ఇటుకల గోడలకి తెల్లసున్నం, అంతే. లోపల పైకప్పు నిండా రంగులు, బలిపీఠం నిండా బంగారు పూత. అయినా నేను ఎక్కువసేపు నిలబడింది గుమ్మం దగ్గరే. తలుపుకి అటూ ఇటూ లూయిస్ దె రియాన్యో 1620ల్లో వేసిన బొమ్మ ఉంది. ఒక వైపు ముళ్ళున్న ఇరుకుదారి స్వర్గానికి పోతుంది. రెండో వైపు పూలు పరిచిన దారి మంటల కోటలోకి. పూజ ముగించుకుని వెళ్ళేవాళ్ళకి ఎదురుగా కనబడేలా వేశారు, చదువు రానివాళ్ళకీ ఇట్టే తెలిసిపోతుంది. లోపలికెళ్ళాక వెనక్కి తిరగడం మర్చిపోకండి.

నల్లమల:
బొమ్మ గొప్పదే, కాదనను. కానీ ఆ మంటలు ఎవరిని భయపెట్టడానికి? స్పెయిన్ వాళ్ళు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాల పుణ్యస్థలం మీదే ఈ చర్చి కట్టారంటారు. తరతరాలుగా కొలిచిన కొండల్నీ రాళ్ళనీ దయ్యాలని చెప్పించుకున్న జనం ఆ గుమ్మంలోంచి నడిచారు. అది తలుచుకోకుండా నేను చూడలేకపోయాను.

గోడబొమ్మ:
ఒప్పుకుంటానండి. అందుకే బాప్తిస్మం గది ద్వారం కూడా చూడమంటాను. దాని మీద బాప్తిస్మ వాక్యం లాటిన్, స్పానిష్, ఇక్కడి స్థానిక భాషలైన కెచువా, ఐమారా, పుకీనాల్లో రాసి ఉంది. పుకీనా మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. మతం మార్చడానికి వచ్చినవాళ్ళు రాయించిన గోడే ఆ భాష ఆనవాలు దాచింది. నాకు కోపమూ వచ్చింది, కృతజ్ఞతా కలిగింది.

పాటలపిచ్చి:
ఇక్కడ ఫాదరుగా పనిచేసిన హువాన్ పెరెస్ బొకానెగ్రా 1631లో లిమాలో అచ్చువేయించిన పుస్తకంలో "హనక్ పచాప్ కుసికుయ్నిన్" అనే కెచువా కీర్తన ఉంది. నాలుగు గొంతుల పాట. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొదటి బహుస్వర గానం అదే. వెళ్ళేముందు తప్పకుండా వినండి. మరియమ్మను స్తుతించే పాటే అయినా నడక మాత్రం ఊరేగింపుది, డోలు దెబ్బకి అడుగులు పడినట్టుంటుంది.

కొండదారి:
అందరికీ ధన్యవాదాలండి. అదే రోజు ఇంకేమైనా కలపొచ్చా?

సంచారి:
అదే రోడ్డు మీద కొంచెం ముందుకెళ్తే వారో అనే ఊరి చర్చి. తదెయో ఎస్కలాంతె 1802లో గోడలంతా మృత్యువు, నరకం బొమ్మలతో నింపాడు. నల్లమల గారి ప్రశ్న అక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. నాన్నగారికి ఓపిక లేకపోతే అందవాయ్లీయాస్ ఒక్కటే చాలు. ఆదివారం మాత్రం వద్దు. ఊరివాళ్ళు పూజలో ఉన్నప్పుడు మనం బొమ్మలు చూస్తూ తిరగడం పద్ధతి కాదు.