మేడమ్ టుస్సాడ్స్ చరిత్రా, ఫొటో స్టూడియోనా?

కృష్ణా_తీరం:
వచ్చే నెల అమ్మానాన్న లండన్ వస్తున్నారు. బేకర్ స్ట్రీట్ దగ్గరున్న మేడమ్ టుస్సాడ్స్‌కి తీసుకెళ్దామని నేను, బ్రిటిష్ మ్యూజియం ఉచితంగా చూడొచ్చు కదా, మైనపు బొమ్మలకి అంత టికెట్ దండగ అని మా ఆయన. మీరేమంటారు?

అమీర్‌పేట్_కుర్రాడు:
దండగే అండి. సెల్ఫీల కోసం తోపులాట తప్ప ఏముంది అక్కడ? పోనీ మన హీరోల కోసమా అంటే, మహేష్ బాబు బొమ్మ సింగపూర్ శాఖది, 2019లో అక్కడికి పంపే ముందు హైదరాబాద్‌లోనే ఒక రోజు పెట్టారు. ప్రభాస్‌ బాహుబలి బొమ్మ బ్యాంకాక్‌ది.

పాత_కాగితాలు:
తారల దగ్గరే ఆగిపోతే మీరన్నది నిజమే. కానీ ఆ చోటు తారల కోసం పుట్టింది కాదు. దాన్ని పెట్టిన మేరీ టుస్సాడ్ 1761లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టింది, వాళ్లమ్మ కర్టియస్ అనే డాక్టరు ఇంట్లో పనిచేసేది, ఆయన దగ్గరే ఈ పిల్ల మైనం పని నేర్చుకుని 1777లో వోల్టేర్ బొమ్మ చేసింది. ఫొటోలు లేని కాలం, రాజుగారి మొహం ఎలా ఉంటుందో జనానికి తెలియాలంటే ఇలాంటి బొమ్మలే దిక్కు. 1789 జూలై 12న, అంటే బాస్టీల్ కోట మీద పడటానికి రెండు రోజుల ముందు, పారిస్ జనం కర్టియస్ ప్రదర్శనశాలకి వచ్చి మంత్రి నెక్కర్, ఓర్లియన్స్ డ్యూక్‌ల మైనపు తలలు పట్టుకెళ్లి వీధుల్లో ఊరేగించారు! ఫ్రెంచ్ విప్లవం మొదలైన రోజుల్లో మైనపు తల జెండాలా పనిచేసిందన్నమాట, దీన్ని చరిత్ర అనకపోతే ఇంకేమంటాం? ఆమె 1802లో బ్రిటన్ వచ్చి, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చి, 1835లో గానీ బేకర్ స్ట్రీట్‌లో స్థిరపడలేదు.

అమీర్‌పేట్_కుర్రాడు:
కథ బాగుంది, కాదనను. కానీ 1925లో అగ్నిప్రమాదం, 1940లో జర్మన్ల బాంబు, ఆ బాంబుకి మూడొందలకు పైగా తలల అచ్చులు పోయాయి. గిలెటిన్ కింద తెగిన తలలకి స్వయంగా అచ్చు తీశానని ఆమె చెప్పుకున్నదాన్ని కూడా కొందరు చరిత్రకారులు నమ్మరు. ఇక మిగిలిందెంత? ఈ కథ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

పాత_కాగితాలు:
ఆమె మాటల మీద అనుమానం నాకూ ఉంది, వ్యాపారం చేసే మనిషి కదా. అచ్చులు పోయిన సంగతీ నిజమే. కానీ పని పోలేదు. ఇప్పటికీ ముందు బంకమట్టితో తల చేసి, అచ్చు తీసి, కరిగిన మైనం పోసి, చల్లారాక వెంట్రుకలు ఒక్కొక్కటిగా గుచ్చుతారు, ఒక్క బొమ్మకి నెలలు పడుతుంది. కొండపల్లిలో, నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లని చూసిన మనం అంత చేతిపనిని సెల్ఫీ స్టూడియో అని కొట్టిపారేయకూడదు. ఆ పనితనం ఎదురుగా నిలబడి చూడాలి, చదివితే తెలియదు.

కృష్ణా_తీరం గారూ, మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే తప్పకుండా తీసుకెళ్లండి. 1842లో, ఎనభై దాటాక, మేరీ తన బొమ్మ తానే చేసుకుంది, దాన్ని వెతికి చూపించండి. సినిమా వాళ్ల కోసమే అయితే మాత్రం మీ ఆయన మాటే వినండి.

కృష్ణా_తీరం:
నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారండీ. ఉదయం స్లాట్ బుక్ చేస్తున్నా, బ్రిటిష్ మ్యూజియం మర్నాడు.