పాత కౌబాయ్ ఫోటోల్లో నల్లజాతి వాళ్ళు, ఆడవాళ్ళు: మీరు చూసినవి చెప్పండి

డాలస్_సుధ
కౌబాయ్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ మన కృష్ణగారే. లేదంటే హాలీవుడ్ తెల్ల హీరోలు. ఈమధ్య ఎర్విన్ స్మిత్ తీసిన ఒక ఫోటో చూశాను. 1911-15 ప్రాంతంలో టెక్సాస్‌లోని బోనమ్‌లో తీసింది. నల్లజాతి కౌబాయ్‌లు గుర్రాల మీద వరసగా ఉన్నారు. శీర్షికలో ఊరి పేరుంది, వాళ్ళ పేర్లు లేవు. పందొమ్మిదో శతాబ్దం చివరి కౌబాయ్‌లలో దాదాపు నాలుగో వంతు నల్లవాళ్ళేనని చరిత్రకారుల అంచనా. మరి వాళ్ళెవరో తెలుసుకునేదెలా?

తపాలాబిళ్ళ
పేరు రాసి ఉన్నా నమ్మడానికి లేదు సుధగారూ. బిల్ పికెట్ అని, రోడియోల్లో (గుర్రాలు, ఎద్దులతో కౌబాయ్‌లు ఆడే పోటీల్లో) బాగా పేరున్న నల్లజాతి వీరుడు. ఎద్దు పెదవి కొరికి పట్టుకుని కింద పడేసేవాడు. అమెరికా తపాలా శాఖ ఆయన పేరుతో స్టాంపు ముద్రించింది, తీరా చూస్తే అందులో ఉన్నది ఆయన సోదరుడు బెన్! పాత ఫోటో కింద ఎవరో తప్పు పేరు రాస్తే, అదే చలామణి అయిపోయింది. ఇంటివాళ్ళు చెప్పాక షీట్లు వెనక్కి తీసుకుని, 1994లో సరైన బొమ్మతో మళ్ళీ వేశారు. నా ఆల్బమ్‌లో ఉన్నది ఆ రెండోది.

ఎర్రబల్బు
మాది తెనాలిలో స్టూడియో. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ప్రింట్లు కడిగేవాళ్ళం, ఆ కాగితానికి ఎరుపు కనబడదు కాబట్టి. వందేళ్ళ క్రితం గాజు ప్లేట్లు కూడా చాలావరకు అంతే. ఆకాశం తెల్లగా తేలిపోతుంది, ఎరుపు కలిసిన చామనఛాయ ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. దానికి తోడు టోపీ నీడ. అందుకే ఆ ఫోటోల్లో ముఖాలు పోల్చుకోవడం అంత కష్టం. ఒంటి రంగు చూసి ఎవరు ఏ జాతో తేల్చేయకండి.

కల్యాణి_ఒరెగాన్
నన్ను వదలని ఫోటో బానీ మెక్‌కారల్‌ది. 1915, మా ఒరెగాన్‌లో జరిగే పెండిల్టన్ రౌండప్ రోడియో. గుర్రం ఎగిరేసింది, ఆమె తలకిందులుగా గాల్లో ఉంది. పోస్ట్‌కార్డుల మీద చూస్తే అదేదో సరదా ఆటలా ఉంటుంది. 1929లో అదే ఊళ్ళో గుర్రం మీంచి పడి, రికాబులో కాలు ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకుంది. రెండు రికాబుల్నీ గుర్రం పొట్ట కింద నుంచి కలిపి కట్టేవాళ్ళు, ఆడవాళ్ళకి పట్టు దొరుకుతుందని. పడేటప్పుడు ఆ కట్టే కాలు వదల్లేదు. ఆ తర్వాత పెండిల్టన్‌లో ఆడవాళ్ళకి ఎగిరే గుర్రాల పోటీయే ఎత్తేశారు. కట్టు తీసేస్తే సరిపోయేది కదా! ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఒంగోలుగిత్త
సుధగారూ, ముఖాలు కాదు, గుర్రాల తొడలు చూడండి. మన పశువులకు వాతలు వేసినట్టే అక్కడ ఒక్కో రాంచ్‌కి (పశువుల్ని పెంచే పెద్ద ఫారానికి) ఒక్కో ముద్ర. టెక్సాస్‌లో ఆ ముద్రల్ని కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేయించేవాళ్ళు. వాత దొరికితే గుర్రం ఏ రాంచ్‌దో తెలిసే వీలుంది. అక్కడి జీతాల పుస్తకాలు మిగిలుంటే పేర్లు దొరకొచ్చు. అయితే గుర్రం చేతులు మారి ఉండొచ్చు, అదీ చూసుకోండి.

డాలస్_సుధ
ఇది నాకు తట్టనే లేదండి. స్మిత్ ఫోటోలు ఫోర్ట్‌వర్త్‌లోని అమన్ కార్టర్ మ్యూజియంలో ఉన్నాయి. పెద్ద సైజు కాపీ కోసం ఈరోజే రాస్తాను. ముందు ఎడమ చివరి గుర్రంతో మొదలుపెడతా.