ఒంటిచేతి కత్తి చేయిస్తున్నా: అంచు మందం ఎంత పెట్టమంటారు?

రవి (లీడ్స్): ఐ.33 అనే పాత కత్తియుద్ధపు రాతప్రతి పద్ధతిలో కత్తి, బక్లర్ (చేత్తో పట్టే చిన్న డాలు) సాధనకు ఆర్మింగ్ సోర్డ్ (ఒంటిచేతి కత్తి) ఒకటి చేత్తో చేయించుకుంటున్నా. 1300 ప్రాంతపు ఆ రాతప్రతి మా ఊరి రాయల్ ఆర్మరీస్‌లోనే ఉంది. అంచు మొండిగా, 2 మి.మీ. మందం ఉండాలని మా క్లబ్బు రూలు. కత్తి చేసే ఆయనేమో అంత మందమైతే చేతికి బరువు తెలుస్తుందంటున్నాడు. ఎవరి మాట వినను?

మాధవ్ (మ్యూనిక్): క్లబ్బు మాట. ఇందులో చర్చేముంది? మొన వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి, పొడిస్తే బ్లేడు వంగాలి. వంగకపోతే ఆ దెబ్బంతా ఎదుటివాడి పక్కటెముకల మీదే.

శ్రీనాథ్: మాధవ్ గారూ, అసలు కత్తి పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపు పలచబడుతూ పోతుంది. అప్పటి ఒంటిచేతి కత్తులు చాలావరకు కిలో, కిలోంబావు మధ్య తూగేది అందుకే. చివరిదాకా 2 మి.మీ. అంచు ఉంచితే బరువు మొన వైపు చేరుతుంది. మొత్తం కిలోయే తూగినా మణికట్టు దగ్గర తేడా కొడుతుంది.

హరిణి: పామెల్ (పిడి చివరి గుండు) మరతో బిగించేదా, టాంగ్ (పిడిలోకి దిగే బ్లేడు తోక) చివర సుత్తితో కొట్టి అణిచేదా?

మాధవ్ (మ్యూనిక్): పాత కొలతలే కావాలని నేనూ ఒకాయన దగ్గర చేయించా. పిడిలోకి దిగే చోట భుజాలు చతురస్రంగా కోసి వదిలేశాడు, స్పారింగ్‌లో సరిగ్గా అక్కడే విరిగింది. ముక్క ఎగిరి గోడకు తగిలింది. అడిగితే "మీరే గట్టిగా కొట్టారు" అన్నాడు. డబ్బూ ఇవ్వలేదు.

శ్రీనాథ్: అది టాంగ్ తప్పు. అంచుకు దానితో ఏం సంబంధం?

మాధవ్ (మ్యూనిక్): నీకు స్పారింగ్ ఉండదు, గాలిలో తిప్పుకుంటావు, నీకెందుకు సంబంధం ఉంటుంది!

కిశోర్: అన్నా, నిదానం.

శ్రీనాథ్: సరే, సూటిగానే చెప్తా. ఆ పుస్తకంలో పనంతా కత్తికి కత్తి ఆనాక మొదలవుతుంది. పదునైన అంచులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, మొండివి జారిపోతాయి. జారే కత్తితో ఏళ్ల తరబడి ఆడి, బైండ్‌లో, అంటే కత్తికి కత్తి ఆనించి, నిలవడం కుదరదని, గబుక్కున చేతి మీద కొట్టి పాయింటు తీసుకోవడమే కత్తి యుద్ధమని మీరు నేర్పేస్తున్నారు. నా గొడవ మందం గురించి కాదు, దీని గురించి.

మాధవ్ (మ్యూనిక్): నేను నేర్పేది ఆఫీసు నుంచి నేరుగా వచ్చే కుర్రాళ్లకు. వాళ్ల వేళ్లు సోమవారం కీబోర్డు మీద పనిచేయాలి. పూర్తి వేగంతో ఆడకపోతే, చెప్పిన ఎత్తు నిజంగా పనిచేస్తుందో లేదో వాళ్లకు తెలిసేదెలా? ఎదుటివాడు ఒప్పుకుని కదిలితే ప్రతి ఎత్తూ పనిచేస్తుంది.

రవి (లీడ్స్): కత్తి చేసే ఆయనకు ఇలా రాసేశా: స్ప్రింగ్ స్టీలు, అంచు 2 మి.మీ., బరువు తగ్గించడానికి మధ్యలో లోతైన గాడి, టాంగ్ భుజాలు గుండ్రంగా. హరిణి గారూ, మర వద్దన్నా, చివర కొట్టి అణచమన్నా. శ్రీనాథ్ అన్నా, అంచు విషయంలో మీ మాట వినలేదు.

శ్రీనాథ్: నీ ఇష్టం రవీ. ఆ కత్తితో బైండ్ సాధన మాత్రం సగం వేగంతోనే చెయ్యి.

మాధవ్ (మ్యూనిక్): సగం వేగంతో ఏం తెలుస్తుంది?