ఉగాది వేదిక అక్షరాలు: రంపం ఆగిపోయింది, శనివారంలోగా ఏం చేద్దాం?

అలంకరణ బాధ్యులు, బుధవారం రాత్రి
అందరికీ నమస్కారం. పచ్చడి, పార్కింగు, రిజిస్ట్రేషన్ బల్ల, పిల్లల వరుసక్రమం వగైరా పనుల గురించి మాట్లాడుకోవాలి. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి వచ్చిపడింది. ‘ఉగాది శుభాకాంక్షలు’ అక్షరాలను 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కోస్తుండగా, ‘భా’ సగంలో ఉన్నప్పుడు స్క్రోల్ సా (సన్నని బ్లేడుతో వంపులు కోసే కరెంటు రంపం) ఉన్నట్టుండి నీరసించి ఆగిపోయింది. హాలు తాళాలు శుక్రవారం సాయంత్రం మన చేతికి వస్తాయి. దయచేసి తెలిసినవారు వెంటనే చెప్పండి.

సౌండ్, లైటింగ్ బాధ్యులు
పూర్తిగా ఆగిందా, హోరుమంటూ కదలలేకపోతోందా? ఈ రెండింటికీ కారణాలు వేరు. ముందు అదే సాకెట్‌లో ఒక దీపం పెట్టి చూడండి. అమెరికాలో గ్యారేజీ సాకెట్లకు, కరెంటు తెగినప్పుడు నొక్కే ‘రీసెట్’ బొత్తం ఉంటుంది; పాత ఇళ్లలో ఒక్కోసారి అది బాత్‌రూములోనో, ఇంటి బయటి సాకెట్ మీదో ఉంటుంది కనుక అక్కడా వెతకండి. ఇక్కడి కరెంటు 120 వోల్టులే కావడం వల్ల, సన్నని తీగ ఉన్న పొడవాటి ఎక్స్‌టెన్షన్ వాడితే మోటారుకు అందేసరికి వోల్టేజీ మరింత పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్‌నూ కాలి పెడల్‌నూ పక్కనపెట్టి, రంపాన్ని నేరుగా గోడ సాకెట్‌కు కలిపి చూడండి.

కోశాధికారి
కొత్త యంత్రం కొనాలన్న మాట మాత్రం ఎవరూ తేవద్దని మనవి. హాలు డిపాజిట్ పెంచిన తరవాత అలంకరణ పద్దులో మిగిలింది పూలకే చాలదు. అసలు ఆ అక్షరాలను ఫ్లెక్సీ మీద అచ్చు వేయిస్తే ఈ తంటా ఉండేదే కాదు.

అలంకరణ బాధ్యులు
దీపం నిక్షేపంగా వెలుగుతోంది. నేరుగా కలిపినా ఫలితం లేదు. వేగం మీటను చివరిదాకా తిప్పినా మెల్లగానే ఆడుతోంది, చెక్క తగిలితే ఆగిపోతోంది. మోటారు మీద చిన్నగా తడితే క్షణంపాటు ఊపందుకుంటోంది, వెనక చిల్లుల్లో నిప్పురవ్వలు కనిపిస్తున్నాయి.

కోశాధికారి గారూ, సున్నా లోపలి గుండ్రాన్ని తీయాలంటే ముందు చిన్న రంధ్రం వేసి, బ్లేడు ఒక కొనను ఊడదీసి, అందులోంచి దూర్చి, మళ్లీ బిగించి కోయాలి. పిల్లలు తమ భాష అక్షరాలను చేత్తో తడిమి చూడాలనే ఇంత శ్రమ పడుతున్నాం. దాన్ని ‘తంటా’ అనడం మనసుకు కష్టంగా ఉంది.

వంటల బాధ్యులు
తమ్ముళ్లూ, ఇద్దరూ సంస్థ మేలు కోరే మాట్లాడుతున్నారు, కాస్త నిదానించండి. మా నాన్నగారు తెనాలిలో చాలాకాలం మోటారు వైండింగ్ దుకాణం నడిపారు, ప్రస్తుతం మా ఇంట్లోనే ఉన్నారు. మీరు రాసినది చదివి వినిపించగానే, తడితే ఊపందుకోవడం, రవ్వలు రావడం కార్బన్ బ్రష్‌లు అరిగినదానికి గుర్తు అన్నారు. ప్లగ్గు పీకేసి, మోటారుకు ఇరుపక్కలా ఉన్న గుండ్రటి మూతలను స్క్రూడ్రైవర్‌తో విప్పితే, స్ప్రింగు తోకతో నల్లని కడ్డీముక్క ఒకటి బయటికి వస్తుందట. అది బాగా పొట్టిదైపోతే స్ప్రింగు దాన్ని లోపలి రాగి చక్రానికి ఆనించలేదు, కరెంటు తెగితెగి అందుతుంది. అన్నట్టు, ప్లగ్గు పీకే ఉంది కనుక రంపంలో బ్లేడును పట్టి ఉంచే పై చేతిని వేళ్లతో పైకీ కిందికీ ఆడించి చూడమన్నారు. బిగుసుకుని ఉంటే తప్పు బేరింగులది.

అలంకరణ బాధ్యులు, గురువారం ఉదయం
పెద్దాయనకు పాదాభివందనాలు. చేయి తేలికగానే ఆడుతోంది. ఒక బ్రష్ బాగానే ఉంది గాని, రెండోది గోరంత మిగిలింది, దాని చుట్టూ రంపపు పొట్టు గట్టిగా పేరుకుంది. కొత్త జత సోమవారానికి గాని రాదట.

కోశాధికారి
నా మాట నొప్పించి ఉంటే మన్నించండి. బ్రష్‌ల ఖర్చు నేను భరిస్తాను. మా ఇంట్లో పాత డ్రిల్లు మూలన పడి ఉంది, దాని బ్రష్‌లు పనికొస్తాయా?

వంటల బాధ్యులు
కాస్త పెద్దవైతే గరుకు కాగితం మీద సమంగా అరగదీసి, గూటిలో బిగుసుకోకుండా జారేలా చేయవచ్చని నాన్నగారు అంటున్నారు. బిగించాక కాసేపు చెక్క పెట్టకుండా ఉత్తినే తిప్పాలట. ఇది తాత్కాలికమేననీ, సోమవారం అసలువి వేయాల్సిందేననీ గట్టిగా చెప్పమన్నారు. సాయంత్రం ఆయన్ను తీసుకొస్తాను. ఆ పూటకు పచ్చడి సరుకుల కొనుగోలు ఎవరైనా చూసుకోండి.

సౌండ్, లైటింగ్ బాధ్యులు
ఆ రంపాన్ని ఎక్కువ శ్రమ పెట్టవద్దు. వంపులు పెద్దవిగా ఉన్న అంచులను నా జిగ్‌సాతో (చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపంతో) కోస్తాను. లోపలి ఖాళీలను కోయకుండా వెనక తెర రంగే వేస్తే దూరం నుంచి తేడా తెలియదు. అక్షరాలకు విడిగా నిలిచే ఒత్తులను సన్నని పట్టీతో పైముక్కకు కలిపి ఉంచండి, లేకుంటే నిలబెట్టేటప్పుడు విరుగుతాయి.

అలంకరణ బాధ్యులు, గురువారం రాత్రి
రంపం ఆడుతోంది, రవ్వలు తగ్గాయి. ‘భా’ పూర్తయింది. సున్నా ఒక్కటి మాత్రం లోపల కోసే తీరతాను, మిగతా ఖాళీలకు రంగే. రేపు మధ్యాహ్నం రంగు వేయడానికి మెరూన్ డబ్బా, రెండు సన్న కుంచెలు కావాలి. ఎవరి దగ్గరుంటే వారు మా గ్యారేజీకి తెచ్చిపెట్టండి, తలుపు తెరిచే ఉంటుంది.