అమ్మ మోకాళ్లు, ఇద్దరు పిల్లలు, రెండు రోజులు: రామప్ప, వరంగల్ కోట కుదురుతాయా?

ఉప్పల్ వాసి:
వచ్చే శని, ఆదివారాలు కారేసుకుని వరంగల్ వైపు పోదామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. నేను రాసుకున్న లిస్టు: భువనగిరి కోట, కొలనుపాక, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం. అది చూసి మా ఆవిడ "ఇది టూరా, ఎలక్షన్ ప్రచారమా" అంది. అసలు టెన్షన్ బాబుతోనే. పోయిన వేసవిలో హంపీ తీసుకెళ్తే రెండో గుడి దగ్గరే "అన్నీ విరిగిన రాళ్లే కదా నాన్నా" అని కార్లో ఏసీ వేయించుకుని కూర్చున్నాడు. దేన్ని తీసేయమంటారు?

హనుమకొండ కోడలు:
మీ ఆవిడ కరెక్టుగానే అన్నారండీ. ముందు భువనగిరి కొట్టేయండి, అది నున్నటి ఏకశిల గుట్ట, అమ్మగారితో కాని పని. కొలనుపాకకు ఆలేరు దగ్గర మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోవాలి, ఇంకోసారి చూడొచ్చు. శనివారం తెల్లారి ఐదింటికి బయల్దేరి నేరుగా రామప్పకే వెళ్లండి. 200 కిలోమీటర్ల పైమాటే, కానీ ఎండ ముదరకముందే చేరాలి, చెప్పులు విప్పి నడవాలి కదా, మధ్యాహ్నానికి బండలు కాలిపోతాయి. సాక్సులు మరవొద్దు. గుడి ఆరడుగుల పీఠం మీద ఉంటుంది కాబట్టి కాసిని మెట్లు తప్పవు, చెయ్యి పట్టుకుని ఎక్కించండి. రాత్రికి హనుమకొండలో ఉండి, ఆదివారం పొద్దున కోట, వేయి స్తంభాల గుడి.

రాళ్ల పిచ్చి:
బాబు సంగతి నేను చెప్తా. ఊరికే చూడమంటే ఏ పిల్లాడూ చూడడు, వెతికే పని పెట్టండి. రామప్పలో చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల బొమ్మలు ఉంటాయి, వాటిలో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది, ఎవరు ముందు కనిపెడితే వాళ్లకు ఐస్‌క్రీం. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పునాదిలో ఇసుక నింపారు, ఇవి చెప్తే పదేళ్లవాడు ఎందుకని అడక్క మానడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, లోపల దేవుడు రామలింగేశ్వరుడు, అయినా జనం నోట్లో మిగిలింది శిల్పి రామప్ప పేరేనంటారు. నాకు ఆ మాటంటే భలే ఇష్టం.

కోటలో ఇంకో పని. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడే ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి చిక్కింది. పిల్లల్ని ఆ నడిమధ్య నిలబెట్టి ఇక్కడ ఏముండేదో మీరే చెప్పండి అనండి. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదే అని చెప్పడం మాత్రం చివర్లో.

బోడుప్పల్ బండి:
ఐదింటికి ఆరేళ్ల పాపను లేపి కారెక్కించడమా? అనుభవం మీద చెప్తున్నా, జనగామ రాకముందే వాంతి. శుక్రవారం రాత్రే హనుమకొండ చేరి పడుకోండి బ్రదర్, పొద్దున రామప్పకు గంటన్నర ప్రయాణమే.

ఉప్పల్ వాసి:
శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా వస్తే అదే చేస్తాం. భువనగిరి, కొలనుపాక కొట్టేశా. లక్నవరం కూడా తీసేద్దామనుకున్నా గానీ వేలాడే వంతెన ఉందని పాపకు ఎవరో చెప్పేశారు, ఇక నా చేతుల్లో లేదు. అమ్మ సాక్సులు మాత్రం వేసుకోనంటోంది, గుళ్లోకి సాక్సులేంట్రా అని.