అకౌంట్స్ స్టాఫ్‌కి ఎక్సెల్ ట్రైనింగ్: ఇన్‌స్టిట్యూటా, ఆన్‌లైనా? (అనంతపురం)

తాడిపత్రి_బండలు: మాది బండల పాలిష్ యూనిట్, ఆఫీసు అనంతపురంలో. అకౌంట్స్ చూసే పిల్లలకు ఎక్సెల్, వీలైతే పవర్ బీఐ (లెక్కల్ని చార్టులు, రిపోర్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) నేర్పించడానికి ఓనరు ఎట్లో ఒప్పుకున్నాడు. సప్తగిరి సర్కిల్ వైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాలా, ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలా? తెలుగులో చెప్పేవాళ్లయితే మేలు. సర్టిఫికెట్‌కి విలువుంటుందా?

కడప_లెడ్జర్: సర్టిఫికెట్ మాటే ఎత్తొద్దు. మా ఆఫీసులో గోడ నిండా ఉన్నాయి. ప్రతి నెలా 14న జీఎస్‌టీఆర్-2బీ (మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జీఎస్‌టీ లిస్టు) రాగానే పర్చేజ్ రిజిస్టర్‌తో సరిచూడమంటే మాత్రం అందరూ నా ముఖం చూస్తారు. ముందు వీలుకప్ నేర్పించండి, అదే ఒక లిస్టులోని అంకెను వెతికి ఇంకో లిస్టులోకి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా. ఫార్ములా చివర్లో సున్నా (అచ్చంగా అదే కావాలని) పెట్టకపోతే ఏదో ఒక బిల్లు అంకె తెచ్చి పడేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. మా దగ్గర ఒకాయన ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీలో మనం తగ్గించుకునే మొత్తం) అట్లాగే లెక్క కట్టేశాడు. నెలవారీ జీఎస్‌టీ రిటర్న్ 3బీ ఆఖరి తేదీ 20 కదా, ఆ రాత్రి బయటపడింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఎక్స్‌లుకప్_రాజా: ఇంకా వీలుకప్పేనా అన్నా? దాని తర్వాత వచ్చిన ఎక్స్‌లుకప్ ఫార్ములాకి ఆ సున్నా గోలే లేదు, ఎడమవైపు కాలమ్ నుంచి కూడా తెస్తుంది. బెంగళూరులో పెద్ద కంపెనీలకే ట్రైనింగ్ ఇస్తుంటా, తెలిసే చెబుతున్నా.

కడప_లెడ్జర్: బెంగళూరు సంగతి సరే సామీ, మా సిస్టమ్స్‌లో ఉండేది ఎక్సెల్ 2016. అందులో మీ ఎక్స్‌లుకప్ కొడితే నేమ్ ఎర్రర్ (ఆ ఫార్ములా తెలియదని) వస్తుంది. ఎడమ కాలమ్ కావాలంటే ఇండెక్స్, మ్యాచ్ ఫార్ములాలు ఉన్నాయి.

ఎక్స్‌లుకప్_రాజా: వెర్షన్ మార్చుకోండి.

కడప_లెడ్జర్: డబ్బులు మీరు పంపిస్తారా?

సి_క్యాంప్_అక్క: ఫార్ములాల మీద తర్వాత కొట్టుకోండి. కర్నూలులో మా వాళ్లు ట్రైనింగంటే ఆదివారమే పెడతారు. ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? మైక్రోసాఫ్ట్ లెర్న్ వెబ్‌సైట్‌లో పవర్ బీఐ పాఠాలు ఉచితమే. కేంద్ర ప్రభుత్వ స్వయం వెబ్‌సైట్‌లోనూ కోర్సు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. దుడ్డు మిగుల్తుంది కదా, బదులుగా పనివేళల్లో రోజూ ఒక గంట ఇవ్వమనండి. ఏ ఓనరైనా ఇస్తాడేమో చూద్దాం!

ఆదోని_పత్తి: మా మిల్లుకు వచ్చిన ట్రైనర్ మధ్యాహ్నం దాకా తన గొప్పలే చెప్పాడు. ఆ రోజు ఉగ్గాని బజ్జీ మాత్రం బ్రహ్మాండం.

క్లాక్‌టవర్_బాషా: ఉగ్గానికి బొరుగులు నానబెట్టి గట్టిగా పిండాలి. ఈ మధ్య హోటళ్లలో ముద్ద చేసి పెడుతున్నారు.

మోడరేటర్: టాపిక్‌కి రండప్పా.

ఎక్స్‌లుకప్_రాజా: దుడ్డు అన్నారు కాబట్టి చెబుతున్నా. ఎక్సెల్ లాంటి పని చేసే లిబ్రేఆఫీస్‌లో 24.8 వెర్షన్ నుంచి ఎక్స్‌లుకప్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఇప్పుడేమంటారు లెడ్జర్ గారూ?

కడప_లెడ్జర్: ఏమంటాను, పార్టీ బిల్లు మీద 0045 అని ఉంటుంది, మావాడు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీలో 45 అని కొడతాడు. మీ ఫార్ములా ఏది పెట్టినా రెండూ కలవవు. బిల్లు నంబరు ఉన్నది ఉన్నట్టు కొట్టడం ఏ కోర్సులో నేర్పుతారో చెప్పండి, నేనే ఫీజు కడతా.

తాడిపత్రి_బండలు: మా దగ్గరా అదే తంటా!

క్లాక్‌టవర్_బాషా: 2బీ సరిచూడటం టాలీ ప్రైమ్‌లోనే ఉంది కదా, ఎక్సెల్‌తో ఎందుకీ కుస్తీ?

కడప_లెడ్జర్: టీఎస్‌ఎస్ (టాలీ అప్‌డేట్లకు కట్టే సబ్‌స్క్రిప్షన్) రెన్యూ చేయమని మా ఓనరుకు నువ్వొచ్చి చెప్పు బాషా. ఉగ్గాని నేను పెట్టిస్తా.